రాజీనామా రాసే ముందు

ఎర్రుపాలెం



సాఫ్ట్‌వేర్ కొలువు వదిలేసి సంగీతంలో పీజీకి వెళ్తానని రాశావు. వెళ్లమనే నేనూ అంటాను, ఇప్పుడే వద్దంటాను. స్వరకర్తకు పైచదువు అక్కరకొచ్చేది తన పనిలోంచి పుట్టిన ప్రశ్న దొరికాకే. నీ కొలువు ఆ ప్రశ్నకు అడ్డు కాదు. కంప్యూటర్‌లో బాణీ కట్టేటప్పుడు కీబోర్డు స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా కోస్తుంది కదా. తోడి గాంధారం ఒక మెట్టు మీద నిలబడదు, ఊగుతూనే గాంధారమవుతుంది. ఆ ఊపు తీసేస్తే స్వరాలన్నీ ఉంటాయి, తోడి ఉండదు. ఈ లోటు గురువు దగ్గర పాడినవాడికి వినిపిస్తుంది, దాన్ని ఎక్కడ సరిచేయాలో ప్రోగ్రాం రాసేవాడికి తెలుస్తుంది. ఆ రెండూ ఒక్కరిలో కలవడం అరుదు. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో 2011లో మొదలైన కాంప్‌మ్యూజిక్ పరిశోధన ఇలాంటి లోటు నుంచే పుట్టింది. పాశ్చాత్య సంగీతానికి కుదిరిన కొలతలు కర్ణాటక, హిందుస్తానీ, టర్కీ సంగీతాలకు చాలవని, ఆ సంప్రదాయాల లోపలి నుంచే కొత్తవి వెతికారు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఎవరు గట్టెక్కారు, సాలూరి రాజేశ్వరరావు గారు జీవితమంతా సంగీతానికే ఇచ్చారు కదా అంటావు. నిజమే. కానీ ‘చంద్రలేఖ’ (1948) నాటికి ఆయన వెనక జెమినీ స్టూడియో కొలువు ఉంది. నెలజీతాలిచ్చి సంగీతం చేయించుకున్న ఆ స్టూడియోల కాలం పోయింది. ఆయన జీతం సంగీతానికే వచ్చేది, నీది వేరే పనికి వస్తుంది. ఈ తేడా చిన్నది కాదు, రోజులో మంచి గంటలు ఆఫీసుకే పోతాయి. అయినా సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఉన్న రమణ గోగుల ‘తమ్ముడు’ (1999), ‘బద్రి’ (2000) సినిమాలకు సంగీతం చేశారు, తర్వాత చాలా ఏళ్లు సినిమాకు దూరమయ్యారు. ‘సంక్రాంతికి వస్తున్నాం’ (2025) పాటతో మళ్లీ వినిపించారు. విరామం వస్తుంది, అల్లుడూ. పొద్దుటి సాధన మానకపోతే చెవి మాత్రం పోదు.

ప్రశ్న కోసం దూరం పోనక్కర్లేదు. రామదాసు మన జిల్లా నేలకొండపల్లివాడు. ఆయన కీర్తనలను బాలమురళీకృష్ణ గారు కచేరీలో పాడిన తీరు ఒకటి, ఊళ్లలో రామాలయం భజన బృందాలు పాడే తీరు ఇంకొకటి. గమకం ఎక్కడ తగ్గింది, తాళం ఎక్కడ మారింది, ఎందుకు మారింది? దీన్ని వినగల చెవి, కొలవగల చేయి రెండూ నీకున్నాయి. వచ్చే శ్రీరామనవమికి రికార్డర్ తీసుకుని ఊరికి రా. రాజీనామా సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

మామయ్య