జీవ సమాచార శాస్త్రము – కాలపు అంచనా

ఉర్దూలో 'అందాజా' అన్నను, తెలుగులో 'అంచనా' అన్నను భావమొక్కటే. జీవుల జన్యు సమాచారమును కంప్యూటరు సహాయమున పరిశీలించు శాస్త్రము బయోఇన్ఫర్మాటిక్స్. ఇందు ఒక పని ఎన్నాళ్లకు ముగియునో ముందుగా లెక్కించుట ఎట్లో ఇచట పరిశీలింతము.

మొదట తేల్చుకొనవలసినది 'పూర్తి' అను మాటకు అర్థము. మానవ జన్యుపట ప్రణాళిక 1990లో పదునైదేండ్ల గడువుతో మొదలై, 2003 ఏప్రిల్‌లోనే పూర్తియైనట్లు ప్రకటింపబడినది. అయినను సుమారు 8 శాతము చదువబడక మిగిలి, 2022లో గాని వెలుగు చూడలేదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ నాయకత్వమున 2011లో వెలువడిన కంది జన్యుపటములో, 833 మెగాబేసులకు గాను 606 మాత్రమే కూర్చబడినవి. అనగా దాదాపు 73 శాతము. అయినను 48,680 జన్యువులను సూచించుటకు అది చాలినది. ఎంతవరకు చేసిన చాలునో తెలియక గడువు చెప్పరాదు.

రెండవది, పని పెరుగు తీరు. వంద జన్యు వరుసలను రెండేసి చొప్పున పోల్చిన 4,950 పోలికలు; వేయింటిని పోల్చిన 4,99,500. వరుసలు పదింతలైన పని నూరింతలగును. వందకు ఒక గంట పట్టినచో వేయింటికి పది గంటలు కాదు, నాలుగు దినములకు పైబడును.

మూడవది, సమాచారమును శుభ్రపరచుట. మన పెద్దపల్లి రైతు వరికోతను మాత్రమే లెక్కించి ధాన్యము అమ్మకమునకు తేదీ చెప్పడు. తాలు తూర్పారబట్టవలెను, తేమ ఆరవలెను. మనమో, కంప్యూటరు నడచు గంటలనే లెక్కించి, లోపముల సవరణను, పేర్ల పొంతనను, మరల చేయవలసిన పనిని మరతుము.

కావున పనిని భాగములుగా విడదీసి, ప్రతిదానికి మూడు కాలములు వ్రాసికొనవలెను. అన్నియు కలిసివచ్చిన 2 వారములు, సాధారణముగా 3, చిక్కులు వచ్చిన 10 అనుకొందము. నడిమి సంఖ్యను నాలుగింతలు చేసి, మూడింటిని కూడి, ఆరుచే భాగించిన 4 వారములు వచ్చును. మన మనసు చెప్పిన మూడు కంటె ఇదియే నమ్మదగినది.

ప్రాజెక్టు గడువు దగ్గరపడినపుడే ఫలితములను దిద్దవలెనను దుర్బుద్ధి పుట్టును. ఆలస్యమును అధ్యాపకునకు ముందుగా తెలిపినచో పని తగ్గించుకొనవచ్చును. దిద్దిన ఫలితమును నమ్మి మరియొకరు ముందుకు సాగినచో, వారి శ్రమయు వ్యర్థమగును. సరియైన అంచనా నిజాయితీకి తొలిమెట్టని మన విద్యార్థులు గ్రహింతురు గాక!