పరదేశమునకు వెళ్లు బిడ్డలకు ఆత్మరక్షణ పాఠము

దెబ్బలు, గాయములు కూడ వైద్యశాస్త్రములో వ్యాధులే. వెలుపలి కారణములచే వచ్చునవి గనుక వానిని ఆగంతువులు అందురు. అవి రాకుండుటకు చరక సంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయమున చెప్పిన మార్గములలో దేశమును, కాలమును, తన శక్తిని ఎరిగి మెలగుట ఒకటి. చదువుకై పరదేశమునకు సిద్ధపడు పదహారు, పదిహేడేండ్ల బిడ్డలకు ఆత్మరక్షణ పాఠము ఇక్కడనే ఆరంభము కావలెను.

మా సారపాక ప్రాంతపు అడవిలో వేసవి తెల్లవారుజామున ఇప్పపూలు ఏరబోవువారు ఒంటరిగా పోరాదని పెద్దలు చెప్పుదురు. ఆ పూలకై ఎలుగుబంటియు వచ్చును. నలుగురు కూడి, బిగ్గరగా మాటలాడుకొనుచు పోవుట మేలు. చేత కర్ర ఉన్నను ఎలుగుబంటిని వెదకి కొట్టువాడు లేడు. పరదేశపు వీధికిని ఇదే నీతి.

2023 అక్టోబరులో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, ఖమ్మం నుండి వెళ్లిన విద్యార్థి ఒకడు వ్యాయామశాలలో కత్తిపోటుకు గురియై మరుసటి నెలలో మరణించెను. ఆ బిడ్డ తప్పేమియు లేదు. ఏ విద్యయు సంపూర్ణ రక్షణ నీయదు. అపాయమును తగ్గించుట మాత్రము మన చేతిలో నున్నది. నావద్దకు వచ్చు తల్లిదండ్రులకు నేను చెప్పు క్రమము ఇది. ప్రయాణమునకు మూడు నెలల ముందు మొదలుపెట్టవలెను.

1. వ్యాయామము: ఉదయము నువ్వులనూనెతో ఒడలు మర్దించి, పరుగు, గుంజీలు చేయించవలెను. నోటితో ఊపిరి తీయవలసి వచ్చినంతనే ఆపవలెను. అర్ధశక్తి వ్యాయామమనగా అదియే.

2. విడిపించుకొనుట: ఎవరైన మణికట్టు పట్టుకొన్నచో, ఆ పట్టులో బలహీనమైన చోటు వాని బొటనవ్రేలికి, మిగిలిన వ్రేళ్లకు నడుమ సందు. చేతిని అటు త్రిప్పి, మోచేయి మడచి ఒక్కసారిగా లాగవలెను. కేక వేయుచు జనమున్న వైపు పరుగెత్తవలెను. నిలిచి పోరాడరాదు.

3. మర్మరక్షణ: శిరస్సు, హృదయము, వస్తి అనునవి మూడు ప్రధాన మర్మములు. క్రింద పడినచో మోకాళ్లు ముడిచి, చేతులతో తల కప్పుకొనవలెను.

4. వస్తువును వదలుట: ఆయుధము చూపి సొమ్ము, ఫోను అడిగినచో ఇచ్చివేయవలెను.

5. సహాయము: అమెరికా, కెనడాలలో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, ఐరోపా దేశములలో 112. వెళ్లు దేశపు సంఖ్య కంఠస్థము కావలెను. తానున్న చోటును ఆంగ్లములో తడబడక చెప్పుట ఇంటివద్దనే అలవరచవలెను.

పెప్పర్ స్ప్రే వంటివి కొనుటకు ముందు ఆ దేశపు చట్టము తెలిసికొనవలెను. బ్రిటన్‌లో అది నిషిద్ధము.

మగపిల్లలకు ఈ పాఠము అక్కరలేదని తలపరాదు. తల్లిదండ్రులకును ఒక అభ్యాసము కలదు. బిడ్డ భయపడి ఫోను చేసినపుడు "అక్కడికెందుకు వెళ్లితివి?" అని గద్దింపక, "ఇప్పుడెక్కడున్నావు నాయనా?" అని ముందుగా అడుగవలెను. అట్టి యింటి బిడ్డ ఆపదను దాచిపెట్టదు.