లేసు సూదుల సేకరణ - సంరక్షణ

నరసాపురము, పాలకొల్లు ప్రాంతపు గ్రామములలో లేసు అల్లిక అనేక కుటుంబములకు చేదోడుగా నున్న గృహపరిశ్రమ. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు ఈ పనిని ఇచ్చటి స్త్రీలకు నేర్పిరి. 2024లో నరసాపురం లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంతటి పేరునకు మూలమైన పనిముట్టు జానెడైన లేని కొక్కెపు సూది. దానిని చాలమంది తగినంత శ్రద్ధతో చూచుట లేదు.

సూది వలన నష్టమెట్లు కలుగును?

లేసు పనిలో ఒకరు పూలు అల్లుదురు; మరియొకరు వానిని కలిపి అతుకుపని చేయుదురు. పని మధ్యలో సూది మార్చినచో పూల కొలత మారును, అతుకు కుదరదు. కొక్కెము గరుకైనచో దారము చీలును. త్రుప్పు మరక తెల్లని లేసుపై పడినచో సులభముగా పోదు. సరుకు తిరిగివచ్చిన దినమున కంటికి, వేలికి కలిగిన శ్రమ యంతయు వ్యర్థమగును.

ఏ సూదులు సేకరింపవలెను?

సన్నని నూలు దారమునకు ఉక్కు సూదులు తగినవి. ఇవి సాధారణముగా 2 మిల్లీమీటర్ల లోపు మందము కలిగియుండును. ఊలునకు అంతకంటె లావైన అల్యూమినియం సూదులు వాడవలెను. స్వెట్టర్లు అల్లెడి జంట సూదులలో పాత నంబరు పెరిగిన కొలది సూది సన్నబడును: 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 14వ నంబరు 2 మిల్లీమీటర్లు. కావున నంబరు నొక్కదానినే నమ్మక మిల్లీమీటర్ల కొలతను చూచి కొనుట మేలు. తరచుగా వాడు కొలతలో రెండేసి సూదు లుంచుకొనవలెను. ఇంట పెద్దలు వాడిన పాత సూదులు నునుపుగా నున్నచో వానిని పారవేయరాదు.

సంరక్షణ

1. పని ముగిసిన వెంటనే సూదిని పొడిగుడ్డతో తుడువవలెను. చెమటలోని ఉప్పు, తేమగాలి ఉక్కునకు త్రుప్పు పట్టించును.

2. సగమల్లిన లేసులో సూదిని రోజుల తరబడి ఉంచరాదు.

3. కొక్కెమును పాత పట్టుగుడ్డపై మెల్లగా లాగిచూడుడు. పోగు తగులుకొన్నచో మిక్కిలి సన్నని గరుకు కాగితముతో నునుపు చేయవలెను.

4. కొద్దిపాటి త్రుప్పును అట్లే తొలగించి, చుక్క నూనె రాసి, మరల పూర్తిగా తుడువవలెను. నూనె మిగిలినచో దారము మురికియగును.

5. వెదురు సూదులను నీట నానబెట్టరాదు, ఎండలో విడువరాదు.

6. కొలత వారీగా అరలు కుట్టిన గుడ్డసంచిలో సూదులను భద్రపరచి, పిల్లలకు అందకుండ ఉంచవలెను.

స్వయంసహాయక సంఘముల సోదరీమణులు తమ సమావేశములలో నొకనాడు ఎవరి సూదులను వారు తెచ్చి, కొలతలు సరిచూచుకొనుట మంచిది. ఒకే పనికి పూనుకొనువారందరు ఒకే కొలత సూది వాడినచో అతుకుపని సులభమగును, కూలి నిలుచును.