మన నేలకు తగిన ఇల్లు

ఇల్లు కట్టదలచినవాడు మొదట ఎరుగవలసినది తన నేలను. మన కోలారు జిల్లాలో ఏడాది పొడుగున పారు నది యొక్కటియు లేదు. వర్షము ఏటికి సుమారు 700 మిల్లీమీటర్లు. ఎఱ్ఱమన్నును, రాతిగుట్టలును మాత్రము సమృద్ధిగా కలవు. మన పెద్దలు ఈ కలిమి లేములను చూచుకొనియే ఇండ్లు కట్టిరి.

పల్లెలలోని పాత తొట్టికట్టు ఇంటిని పరిశీలింపుడు. కన్నడమువారు దీనినే తొట్టిమనె యందురు. నడుమ ఆకాశమునకు తెరచియుంచిన తొట్టి, దాని చుట్టును పంచలు, వీధివైపు అరుగు ఉండును. మందమైన మట్టిగోడ ఎండవేడిమిని మెల్లగా పీల్చుకొనును గనుక మధ్యాహ్నవేళ ఇల్లు చల్లగానుండును. వేడిగాలి తొట్టిమీదుగా పైకి పోవును. వాకిటినుండి క్రొత్తగాలి లోనికి వచ్చును. ముందుకు సాగిన చూరు గోడను వానకు తడియనీయదు. ఇట్లు ప్రతి భాగమునకును ఒక కారణము కలదు.

ఆ యిండ్లకు లోపములును కలవు. కిటికీలు చిన్నవి, వెలుతురు చాలదు. వంటపొగ కన్నులను మండించును. చెదలు దూలములను తినును. గోడ మొదలు నానినచో కూలును. కావున పాత యింటి కారణమును నిలుపుకొని, లోపమును తీర్చుకొనుట మన కర్తవ్యము.

ఆ కారణమును విడిచినచో ఏమగునో మన గనుల ప్రాంతమే చెప్పుచున్నది. ఇచ్చట గని కార్మికులకు తొలినాళ్ళలో వెదురు తట్టీల గుడిసెలును, పిదప రేకుల కప్పు లైను ఇండ్లును ఏర్పడినవి. త్వరగా లేచిన ఆ కప్పుల క్రింద వేసవి ఎట్లుండునో మీ తాతలు చెప్పగలరు. 2001లో గనులు మూతపడిన పిదప ఇండ్లు బాగుచేసికొను భారము కుటుంబములపై పడినది. అందుచేత తక్కువ వ్యయముతో చల్లని ఇల్లు కట్టు ఉపాయము మనకు మిక్కిలి అవసరము.

అట్టి ఉపాయ మొకటి మనకు చేరువనే కలదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఆచార్య అమూల్యకుమార్ రెడ్డిగారు ‘అస్త్ర’ యను గ్రామీణ సాంకేతిక కేంద్రమును నెలకొల్పిరి. అచ్చట ఆచార్య కె. ఎస్. జగదీశ్‌గారు మొదలగువారు మట్టిదిమ్మెలపై పరిశోధనలు చేసిరి. జల్లించిన మన్నులో నూటికి ఏడు పాళ్ళ వరకు సిమెంటు కలిపి, కొద్దిగా తడిపి, చేతియంత్రములో అదిమి దిమ్మెలు తీయుదురు. వానిని నీడలో మూడు వారములు తడుపుచుండవలెను. ఆవముతో పనిలేదు, కట్టెల ఖర్చును లేదు.

మీ పెరటి మన్ను ఇందులకు తగునా? ఒక గాజుసీసాలో మూడవవంతు మన్నును, మిగత నీటిని పోసి బాగుగా కుదిపి ఒకనాడుంచుడు. ఇసుక అడుగునను, మెత్తనిమన్ను దానిపైనను, బంకమన్ను అన్నిటికి పైనను పేరుకొనును. ఇసుక సుమారు మూడింట రెండు వంతులుండవలెను; తక్కువైనచో కలుపుకొనవచ్చును. సైనేడు దిబ్బల మన్నును మాత్రము ఇంటిపనికి ఎన్నడును వాడరాదు. అది రసాయనములు కలిసిన గనిపొడి.

ఇక కప్పు. సిమెంటు కప్పు పగలు వేడెక్కి రాత్రి ఇంటిలోనికి వేడిని వదలును. దానిపై తెల్లసున్నము పూసినచో వేడి తగ్గును. ఆ కప్పే మనకు నీటినిచ్చును. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. 50 చదరపు మీటర్ల కప్పుపై 700 మిల్లీమీటర్లు కురిసిన 35,000 లీటర్లు. ఐదవవంతు వృథా యనుకొన్నను 28,000 మిగులును. త్రాగుటకు, వంటకు దినమునకు 100 లీటర్లు వాడు కుటుంబమునకు అది 280 దినముల నీరు! మన బోరునీటిలో పలుచోట్ల ఫ్లోరైడు అధికము. వాననీటిలో అది అత్యల్పము. తొలివానను బయటికి వదలి, పిదపటి నీటిని మూతగల తొట్టిలో నింపి, కాచి త్రాగవలెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. క్రొత్త యిల్లు కట్టించునపుడు తాపీమేస్త్రీతో మాట్లాడుటకు ముందు ఇంటిలోని పెద్దలను అడుగుడు: గాలి ఏ దిక్కునుండి వచ్చును? వాననీరు ఎటు పారును? ఆ జవాబులను మీ బిడ్డలచేత కాగితముపై వ్రాయింపుడు. ఇంటి పటమునకు అదియే మొదటి గీత.