భాషోపాధ్యాయుని పేరు దాల్చిన సరోవర పట్టణము



ఐరోపా ఖండపు పటమును ముందుంచుకొని పోలండు దేశమును వెదకుడు. దాని ఈశాన్య భాగమున మజూరియా అను సీమ కలదు. వేలకొలది యేండ్లకు పూర్వము ఆ సీమనంతయు దట్టమైన మంచు కప్పియుండెను. మంచు కరగి వెనుకకు తగ్గినప్పుడు, అది తొలిచిన పల్లములలో నీరు నిలిచి రెండు వేలకు మించిన సరస్సులు ఏర్పడినవి. పోలండులో కెల్ల పెద్దదగు ష్నియార్డ్వి సరస్సు ఈ సీమయందే యున్నది.

ఆ సరస్సులలో చోస్ అనునది యొకటి. దాని వైశాల్యము మూడు చదరపు కిలోమీటర్లకు కొంచెము తక్కువ. లోతు మాత్రము ఒకచోట 40 మీటర్లు దాటును. దాని గట్టున మ్రొంగోవో అను పట్టణమున్నది. జనసంఖ్య సుమారు 20 వేలు. ఇంత చిన్న ఊరిని గూర్చి మీకు చెప్పుటకు మేము పూనుకొనుటకు కారణము దాని పేరే. ఆ పేరు రాజుది కాదు, సేనాపతిది కాదు, ఒక భాషోపాధ్యాయునిది.

14వ శతాబ్దమున ట్యూటానిక్ వీరులను క్రైస్తవ యోధుల సంఘము ఈ సీమను ఏలుచుండెను. 15వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ ఊరికి పట్టణ హక్కులు లభించినవి. అప్పటి జర్మను పేరు జెన్స్‌బుర్గ్. 1525లో వీరుల రాజ్యము అంతరించి, లూథరు మతమును స్వీకరించిన ప్రష్యా రాజ్యము ఏర్పడెను. పాలకుల భాష జర్మను. పల్లెలలోని మజూరియనుల ఇంటి భాష పోలిష్ మాండలికము. వారి నోట ఈ ఊరు జొంజ్‌బోర్క్ అయ్యెను. కచేరీలో ఒక పేరు, ఇంటిలో మరియొక పేరు! ఇట్టి సంగతి మీలో పలువురకు క్రొత్త కాదు.

ఆ సీమలోనే ఓల్‌ష్టినెక్ అను ఊరిలో 1764లో క్రిస్టొఫ్ మ్రొంగోవియుస్ జన్మించెను. క్యోనిగ్స్‌బెర్గ్ విశ్వవిద్యాలయములో ఆయన సుప్రసిద్ధ తత్త్వవేత్త యగు కాంటునకు శిష్యుడు. గురువు చెప్పిన పాఠములను ఆయన శ్రద్ధతో వ్రాసికొనిన ప్రతులు నేటికిని పండితులకు ఆధారములై యున్నవి. తరగతిలో పాఠము వ్రాసికొనుటకు బద్ధకించు వారు ఈ సంగతి గుర్తుంచుకొందురు గాక!

పిమ్మట ఆయన గ్డాన్‌స్క్ నగరమున మతబోధకుడుగను, పోలిష్ భాషోపాధ్యాయుడుగను జీవితమును గడపెను. 1823లో జర్మను-పోలిష్ నిఘంటువును, 1835లో పోలిష్-జర్మను నిఘంటువును ప్రకటించెను. ఆ ప్రాంతపు కషూబీ ప్రజల మాటలను గూడ సేకరించెను. పాఠశాలలలో పోలిష్ బోధన క్షీణించుచుండగా, 1842లో గుస్తావ్ గిజెవియుష్ అను మరియొక మతబోధకునితో కలసి ప్రష్యా రాజునకు విన్నవించెను. ఆయన జర్మను భాషను ద్వేషింపలేదు. అందులో నిఘంటువు రచించునంతటి పాండిత్యము గలవాడు. రెండు భాషలకును నడుమ వంతెన కట్టెను గాని ఒకదానిని పడగొట్టుమని కోరలేదు. 1855లో, 91వ యేట మరణించెను.

తరువాతి కథ విచారకరము. 1873లో తూర్పు ప్రష్యా పాఠశాలలలో జర్మనే బోధనభాష యని ఉత్తరువు వెలువడెను. పిల్లలు బడిలో ఒక భాషయు, అవ్వ యొద్ద మరియొక భాషయు మాటలాడిరి. క్రమముగా బడి భాషయే ఇంటిలోనికి ప్రవేశించెను. 1920 జూలై 11న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఈ సీమవారు అత్యధిక సంఖ్యలో జర్మనీ పక్షముననే నిలిచిరి. చిరకాలపు ప్రష్యా పాలనయు, పోలండు కాథలిక్ దేశము కాగా తాము లూథరు మతస్థులగుటయు అందుకు కారణములలో కొన్ని. ఇంటి భాష యొక్కటియే మనుష్యుని నిర్ణయములను శాసింపదని దీనివలన తెలియుచున్నది.

1945లో యుద్ధము ముగియగా ఈ సీమ పోలండులో చేరెను. జర్మనులు పారిపోయిరి, లేదా వెడలగొట్టబడిరి. అనంతరము కొలదికాలమునకే పట్టణమునకు మ్రొంగోవో అను పేరు వచ్చెను. సమీపమున గల గిజిట్‌స్కో పట్టణమునకు గిజెవియుష్ పేరును, కెంట్‌షిన్ పట్టణమునకు చరిత్రకారుడగు కెంట్‌షిన్‌స్కి పేరును పెట్టిరి. కాని నిలిచియున్న మజూరియనులలో పెక్కుమంది తరువాతి దశాబ్దములలో జర్మనీకి తరలిపోయిరి. భాషను కాపాడినవాని పేరు ఊరికి నిలిచినది. ఆయన కాపాడదలచిన ఆ పల్లెపలుకు మాత్రము నేడు కొద్దిమంది నోటనే వినబడుచున్నది.

ఇక చూడదగిన వింతలు. పట్టణ చిహ్నము ఎలుగుబంటి పాదము. పాత పురమందిరములో ప్రదర్శనశాల కలదు. కొండపై బిస్మార్కు పేర కట్టిన గోపురమున్నది. సరస్సు నంటి ఆరుబయలు రంగస్థలము గలదు. 1995లో అచ్చట ఆరంభమైన ఒక ఉత్సవమునకు లిథువేనియా, బెలారస్, ఉక్రెయిన్ దేశములలో అల్పసంఖ్యాకులై నివసించు పోలిష్ వారు వచ్చి పాటలు పాడి నాట్యములాడుట పరిపాటి. సమీపమున గల ష్వెంటా లిప్కా దేవాలయములో 18వ శతాబ్దపు పెద్ద వాద్యయంత్రమున్నది. అది మ్రోగునప్పుడు దానిపై బొమ్మలు కదలును. కెంట్‌షిన్ చెంత అడవిలో హిట్లరు యుద్ధస్థావరపు శిథిలములున్నవి. 1944 జూలై 20న అతనిపై హత్యాప్రయత్నము జరిగినది అచ్చటనే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ రాష్ట్రములో నుండి తెలుగు ఏల చదువవలెనని కొందరు మమ్ము అడుగుచుందురు. రాష్ట్రభాషను మీ పిల్లలు చక్కగా నేర్వవలెను. అందు సందేహము లేదు. మ్రొంగోవియుస్ చేసినదియు అదియే. కాని ఊరి పేరు మార్చుటకు ప్రభుత్వమునకు ఒక ఉత్తరువు చాలును. ఇంటిలో పోయిన భాషను మరల తెచ్చుటకు ఏ ఉత్తరువును చాలదు. దానిని నిలుపు పని మీ భోజనముల వేళ జరుగవలసినదే.

అభ్యాసము

1. మజూరియాలో సరస్సులు ఎట్లు ఏర్పడినవి?
2. ఒకే పట్టణమునకు మూడు పేర్లు కలుగుటకు కారణములేవి?
3. మీ అవ్వగాని తాతగాని వాడుచుండగా మీరు వాడని తెలుగు మాటలు ఇరువది సేకరించి, అర్థములను తెలుగునను, ఈ రాష్ట్రభాషయందును వ్రాసి తెండు. మేము వానిని తరగతిలో చదివింతుము.