అఫిలియేట్ లింకుల రాబడి లెక్క ఎక్కడ తప్పుతుంది?

అఫిలియేట్ ప్రకటనలో, అంటే ఇతరుల సరుకుకు లింకు ఇచ్చి కమీషన్ పొందే పద్ధతిలో, డబ్బు వచ్చేది లింకు నొక్కినందుకు కాదు, గడువులోగా కొనుగోలు జరిగినందుకు. కొత్తవాళ్ల లెక్క తప్పేది ఇక్కడే. అమెజాన్ వారి అఫిలియేట్ పథకం అసోసియేట్స్‌లో ఈ గడువు లింకు నొక్కినప్పటి నుంచి సాధారణంగా 24 గంటలే. పాఠకుడు సైటులో మిక్సీ సమీక్ష చదివి, లింకు నొక్కి, ఇంట్లో అడిగి చూద్దామని ఊరుకుని, మూడో రోజు నేరుగా అమెజాన్‌కు వెళ్లి కొంటే సమీక్ష రాసినవారికి పైసా రాదు. (మొదటి రోజే కార్టులో వేసి ఉంచితే మాత్రం 90 రోజుల వరకు వెసులుబాటు ఉంది.) వచ్చినా ఎంత? కమీషన్ 5 శాతం అనుకుంటే 3,000 రూపాయల మిక్సీపై 150. సరుకు వాపసైతే అదీ పోతుంది.

పైగా రేటు కంపెనీ చేతిలో ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో ఫర్నిచర్‌పై 8 శాతాన్ని 3కు, కిరాణాపై 5 శాతాన్ని 1కి దించేసింది. ఒక్క కంపెనీనే నమ్ముకున్న సైట్లకు అది గట్టి దెబ్బ.

కమీషన్ బాగుందని వాడి చూడని వస్తువులను మెచ్చుకోవడం మరో పొరపాటు. తయారీదారు వివరణనే అటూ ఇటూ మార్చి పెట్టిన పేజీలను గూగుల్ వెనక్కి నెడుతుంది. అందులో అన్యాయమేమీ లేదు. అలాగే సొంత లింకు మీద తామే కొనుక్కోవడం అమెజాన్ నిబంధనలకు విరుద్ధం, ఖాతా మూతపడవచ్చు.

లింకు వల్ల కమీషన్ వస్తుందన్న సంగతి దాచకూడదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆ మాట పేజీ అడుగున చిన్న అక్షరాల్లో కాదు, కంటికి ఆనేచోట ఉండాలి.