వచ్చే ఏటికి పూలగింజలు

సందేహం: సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టిన బంతిపూలు ఎండబెట్టి, గుడ్డసంచిలో కట్టి అటక మీద దాచాను. శ్రావణంలో చల్లితే ఒక్కటీ మొలవలేదు. ఎందుకంటారు?
– ఒక గృహిణి, మచిలీపట్నం

సమాధానం: గింజ గట్టిపడకముందే కోసిన పూలమ్మా అవి. గొబ్బెమ్మకు కళకళలాడే పువ్వు కావాలి, విత్తనానికి చెట్టునే ఎండిన పువ్వు కావాలి. నాలుగు మంచి మొక్కలు చూసి, మొక్కకు రెండు మూడు పూలు కోయకుండా వదిలేయండి. రేకులు ఎండి, పువ్వు కింది పచ్చటి బుడిపె గోధుమరంగుకు తిరిగాక, మంచు విడిచి ఎండెక్కిన వేళ తుంచండి. విప్పితే సూదుల్లాంటి గింజలు. ఒక కొస నల్లగా ఉండి, గోటికి గట్టిగా తగిలేవే పనికొస్తాయి. పాలిపోయినవి తాలు.

ఇక దాచడం. వానాకాలంలో బందరు గాలికి వంటింట్లో ఉప్పే చెమ్మగిల్లుతుంది, గుడ్డసంచి ఏమాపుతుంది? గింజలో తేమ 1 శాతం తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపని విత్తన శాస్త్రంలో ఓ మోటు లెక్క. వారం రోజులు నీడన ఆరబెట్టి, బిగుతు మూత ఉన్న గాజుసీసాలో పోయండి. వేయించి చల్లార్చిన బియ్యం చిన్న మూటకట్టి అందులో వేస్తే మిగిలిన చెమ్మ లాగేస్తుంది. చల్లబోయే ముందు 20 గింజలు తడిగుడ్డలో చుట్టి వారం చూడండి. 14 మొలిస్తే మంచి విత్తనమే. 5 మొలిస్తే మూడింతలు ఒత్తుగా చల్లాలి.

సందేహం: నర్సరీలో కొన్న ముద్దబంతి గింజలే దాచి వేశాను. సగం మొక్కలకు రెక్కబంతి పూసింది. గింజలు మారిపోయాయా?
– ఒక ఉపాధ్యాయుడు, గుడివాడ

సమాధానం: గింజలు మారలేదండీ, గుణం విడిపోయింది. మీరు కొన్నది హైబ్రిడ్ అయి ఉంటుంది. రెండు రకాల్ని కలిపి తీసిన ఆ మొక్క గింజల్లో తాతముత్తాతల పోలికలు తలో దారిన బయటపడతాయి. పైగా పక్కింటి రెక్కబంతి పుప్పొడిని తేనెటీగలు మోసుకొస్తాయి. గింజ దాచుకోవాలంటే నాటు బంతి నయం. ఆ ముద్దబంతే కావాలంటే మొగ్గలేని లేత కొమ్మ తుంచి తడి ఇసుకలో గుచ్చండి, సులువుగా వేరు పోస్తుంది.

సందేహం: కనకాంబరం గింజలు చేతికి చిక్కకుండా రాలిపోతున్నాయి. ఢిల్లీ కనకాంబరానికైతే అసలు కాయే లేదు.
– ఒక పాఠకురాలు, నాగాయలంక

సమాధానం: కనకాంబరం కాయకు తడి తగిలితే చాలు, టపాకాయలా పేలి గింజను విసిరేస్తుంది. ఆ గుణాన్నే మనం వాడుకోవాలి. ఎండిన వెన్నులు పొడిగా ఉన్నప్పుడే కోసి, లోతు గిన్నెలో వేసి, నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి మూత పెట్టండి. లోపల చిటపటలు ఆగాక తీస్తే గింజలన్నీ గిన్నెలోనే ఉంటాయి. వెంటనే ఆరబెట్టండి. ఢిల్లీ రకంలో క్రోమోజోములు రెండు వరసలకు బదులు మూడు, అందుకే గింజ కట్టదు. దానికి కొమ్మ నాటడమే దారి. మీ దివిసీమలో బోరునీళ్లు ఉప్పన కదా, నారుకు మాత్రం వాననీళ్లో కాలవనీళ్లో పోయండి.